మర్యాద ఎక్కువైన కొత్త లెక్చరరమ్మకి

తెనాలి

చిట్టీ,

నీ పని మీద మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు రాసిన రివ్యూ, నువ్వు వాట్సాప్‌లో పంపినది, రెండు పేజీలూ చదివాను. పాఠం బాగా చెబుతున్నావన్నారు. పేపర్లు మంచి జర్నల్స్‌లో వస్తున్నాయన్నారు. స్టూడెంట్లకి నువ్వంటే ఇష్టమట. ఇవన్నీ పక్కన పెట్టేసి, ఆఖరి పేరాలో ఉన్న ఒక్క వాక్యం పట్టుకుని నిద్ర మానేశావని మీ అమ్మ చెప్పింది. డిపార్ట్‌మెంట్ వ్యవహారాల్లో ఈ అమ్మాయి ఇంకాస్త 'కలీజియల్లీ' పాలుపంచుకోవాలన్న వాక్యం. "నేను ఎవరినీ ఒక్క మాట అనలేదు పెద్దమ్మా, అందరికంటే ముందే కాలేజీకి వెళ్తాను, అందరికంటే ఆఖర్న వస్తాను, ఇంకేం చెయ్యమంటారు?" అని అడిగావు. ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైన పెద్దమ్మ ఉండగా డిక్షనరీతో ఏం పని అన్నావు గనక రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం నువ్వే మాట్లాడతావు. ఆ మాట్లాడటమేదో మీటింగుల్లో చేసి ఉంటే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. కాలేజీకి చుట్టమైన క్రియావిశేషణాలు ఇంగ్లీషులో రెండున్నాయి. కలీజియట్లీ ఒకటి, కలీజియల్లీ ఒకటి. మొదటిది సంస్థలకీ ఏర్పాట్లకీ సంబంధించింది. మన దగ్గర డిగ్రీ కాలేజీలని చూసుకునే కమిషనరేట్ బోర్డు మీద 'కలీజియట్ ఎడ్యుకేషన్' అని ఉంటుందే, దాని తాలూకు మాట. నువ్వున్న అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ పేరులో రెండో అక్షరం కూడా అదే. 1898లో మొదలైన వెబ్‌స్టర్ కలీజియట్ డిక్షనరీలో ఉన్నదీ అదే. కేంబ్రిడ్జి యూనివర్సిటీ కలీజియట్లీ నడుస్తుంది అనొచ్చు, అంటే యూనివర్సిటీ ఒకటే అయినా దాని లోపల ఎవరి ఆస్తి, ఎవరి నియమాలు వాళ్లవిగా ఉన్న 31 కాలేజీలున్నాయని. ఇంతకుమించి ఆ మాటతో నీకు పని పడదు.

నీ మెడకి చుట్టుకున్నది రెండోది. కొలీగ్ అన్న మాటకి ఇది తోబుట్టువు. కొలీగ్‌తో కొలీగ్ ఎలా మెలగాలో అలా అని అర్థం. పలికేటప్పుడు కాలేజీలాగా మొదటి అక్షరాన్ని సాగదియ్యకు. ఊనిక 'లీ' మీద పడాలి.

ఒక చోట జీతం తీసుకునేవాళ్లందరూ కొలీగ్సే కదా, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అంటావు. ఉంది. రోమన్ రిపబ్లిక్‌లో ఏటా ఇద్దరు కాన్సుల్స్‌ని ఎన్నుకునేవాళ్లు. ఇద్దరికీ సమానమైన అధికారం. ఒకరు తలపెట్టిన పనిని రెండోవారు వద్దంటే అది ఆగిపోవలసిందే. ట్రిబ్యూన్లు పదిమంది ఉండేవాళ్లు, ఆ పదిమందిలో ఏ ఒక్కరు అడ్డం తిరిగినా అంతే. ఇలా సమానాధికారంతో ఒకే పదవిలో ఉన్నవాళ్లే ఒకరికొకరు కొలీగులు. అంటే ఆ మాట పుట్టినప్పుడు దానిలో నవ్వులూ పలకరింపులూ ఏమంత లేవు. పక్కవాడి మొహం మీద 'కుదరదు' అనగలిగే హక్కు ఉంది. 'కుదరదు' అన్న తర్వాత కూడా మర్నాడు అదే మనిషితో కలిసి ఊరిని పాలించాల్సిన అవస్థ ఉంది.

ఇంగ్లండులో కాలేజీ పుట్టింది కూడా ఆ ధోరణిలోనే. 1264లో వాల్టర్ డి మెర్టన్ రాసిచ్చిన నియమావళితో మొదలైన మెర్టన్ కాలేజీ తన వ్యవహారాలు తనే చూసుకునే పండితుల సంఘం. ఇవాళ్టికీ ఆక్స్‌ఫర్డ్ కాలేజీల్లో పెత్తనం ఫెలోలు కూర్చునే గవర్నింగ్ బాడీది. చాలావాటిలో తమ మీద పెద్దని కూడా వాళ్లే ఎన్నుకుంటారు.

మన దగ్గరికి వచ్చిన కాలేజీ ఇది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పెట్టినప్పుడు తెల్లవాళ్లు తమ ఆక్స్‌ఫర్డ్‌ని తీసుకురాలేదు, 1836లో ఏర్పడిన లండన్ యూనివర్సిటీ నమూనాని తెచ్చారు. అది అప్పట్లో పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే సంస్థ. సిలబస్ పైనుంచి వస్తుంది, ప్రశ్నపత్రం పైనుంచి వస్తుంది, మధ్యలో కాలేజీ చదివిస్తుంది. మచిలీపట్నం నోబుల్ కాలేజీ, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ మద్రాసు చేతికింద పెరిగినవే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక అఫిలియేషన్ చిరునామా మారింది గాని పద్ధతి మారలేదు. అందుకే మనకి కాలేజీ అంటే ప్రిన్సిపాల్ గది, హాజరు పట్టీ, గంట. నలుగురు సమానులు కూర్చుని వాదించుకుని తేల్చుకునే చోటు కూడా కాలేజీయే అన్న సంగతి మనదాకా రానేలేదు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో స్టాఫ్ మీటింగ్ ఎలా జరిగేదో చెబుతాను, ఏ ఊరో అడక్కు. మీటింగ్ మొదలవకముందే అటెండరు మినిట్స్ బుక్ పట్టుకుని వచ్చేవాడు. తీర్మానాలు రాయాల్సిన పేజీ ఖాళీగా ఉండేది, కింద వరసగా మా పేర్లుండేవి. సంతకాలు పెట్టేసేవాళ్లం. ప్రిన్సిపాల్ గారు కమిషనరేట్ సర్క్యులర్ మొదటి నుంచి చివరిదాకా, కాపీ టు అన్న చోటుదాకా చదివేవారు. చదివాక కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "ఎవరైనా ఏమైనా చెప్పదలుచుకున్నారా?" అనేవారు. అది ప్రశ్న కాదని అందరికీ తెలుసు. కాసేపు ఫ్యాను చప్పుడు. తర్వాత లెక్కల మాస్టారు, అందరిలోకీ సీనియర్, "మీరు చెప్పాక ఇంకేముందండీ" అనేవారు. రెండు బిస్కెట్లు, టీ. అసలు మీటింగ్ ఆ తర్వాత స్కూటర్ స్టాండ్‌లో జరిగేది. అక్కడ నోరులేనివాళ్లు ఎవరూ లేరు. టైంటేబుల్ ఎందుకు తప్పో, ఇన్విజిలేషన్ డ్యూటీలు ఎప్పుడూ ఎవరి నెత్తిన పడుతున్నాయో, ల్యాబ్ డబ్బు ఎటు పోయిందో తారీఖులతో సహా చెప్పేవాళ్లు. మర్నాటికల్లా అందులో సగం ప్రిన్సిపాల్ గారి చెవిన పడేది, ఎవరేమన్నారో పేర్లతో.

ఇంతా చేసి మేమందరం ఒకరినొకరం ఎంతో గౌరవించుకునేవాళ్లం. 'గారు' లేకుండా ఎవరినీ పిలిచిన పాపాన పోలేదు. పిల్లల పెళ్లిళ్లకి వెళ్లి బట్టలు పెట్టి వచ్చేవాళ్లం. ఆ గదిలో కలీజియల్లీ జరిగిన పని మాత్రం ఒక్కటీ గుర్తురావడం లేదు.

నువ్వు ఆ గదిని సూట్‌కేసులో సర్దుకుని అమెరికా వెళ్లావు, అదీ సంగతి. ఏడాదిలో ఫ్యాకల్టీ మీటింగులో ఎన్నిసార్లు మాట్లాడావంటే, "అందరూ సీనియర్లు, మధ్యలో నేనేం మాట్లాడతాను" అన్నావు. స్టాటిస్టిక్స్ మొదటి కోర్సుకి క్యాలిక్యులస్ అక్కర్లేదన్న మార్పు నీకు బొత్తిగా నచ్చకపోయినా చెయ్యెత్తి వచ్చావు. వచ్చి పక్క గదిలో ఉండే తైవాన్ అమ్మాయితో గంటసేపు చెప్పుకున్నావు. అది మీ స్కూటర్ స్టాండ్ అన్నమాట. పేరుపెట్టి పిలవమని డిపార్ట్‌మెంట్ ఛైర్ తనంతట తనే చెప్పినా ఇప్పటికీ 'సర్' అంటున్నావు. నీ తప్పు అమర్యాద కాదే పిచ్చిదానా, మర్యాద ఎక్కువై దొరికిపోయావు. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం, కొత్తగా చేరినవాళ్లలో అయితే వినయం కూడా. పదిమంది ఉన్న అక్కడి డిపార్ట్‌మెంట్‌లో మౌనానికి వేరే అర్థం తీస్తారు: ఈ పిల్లకి మన తలనొప్పులతో పనిలేదు, తన పేపర్లేవో తను రాసుకుని వెళ్లిపోతోంది అని.

కాబట్టి మాట్లాడు. ఎలా అంటావేమో. అక్కడ చాలా సభలు 1876లో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు రాసిన నియమాల పుస్తకాన్ని ఎంతో కొంత అనుసరిస్తాయి. ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, ఆ తర్వాతే చర్చ, చర్చ ముగిశాకే ఓటు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆ పుస్తకం లెక్కన బలపరచడమంటే ఒప్పుకున్నట్టు కాదు, ఈ విషయం చర్చించదగ్గదని చెప్పినట్టు, అంతే. భయస్తులకి ఇంతకంటే మంచి వాకిలి లేదు. ఎవరైనా ప్రతిపాదించగానే సెకండ్ అను. నీ గొంతు ఆ గదికి అలవాటవుతుంది, నీకూ ఆ గది అలవాటవుతుంది. అజెండా ముందురోజే పంపుతారు కదా, అందులో నీకు తెలిసిన అంశం ఒకటి చూసుకుని ఒక ప్రశ్న రాసుకుని వెళ్లు. అన్నిటి మీదా మాట్లాడే కొత్తవాళ్లని ఎవరూ భరించలేరు, అది నీ సమస్య కాదులే.

నచ్చని దాని మీద మాట్లాడేటప్పుడు మనిషిని వదిలేసి పనిని పట్టుకో. "మీ ఆలోచన తప్పు" అనడం వేరు, "క్యాలిక్యులస్ తీసేస్తే రెండో ఏడాది ప్రాబబిలిటీ చెప్పేవాళ్లు మూడు వారాలు వెనక్కి వెళ్లాలి, ఆ వారాలు ఎక్కణ్నుంచి తెద్దాం?" అనడం వేరు. ఆ ప్రతిపాదన తెచ్చినాయనతో మీటింగ్‌కి ముందే ఓ పది నిమిషాలు కూర్చుని ఈ ముక్క చెప్పగలిగితే మరీ మంచిది. నలుగురిలో మొదటిసారి విన్నవాడు ఉలిక్కిపడతాడు, ముందే విన్నవాడు జవాబుతో వస్తాడు. ఆయన్ని దాటేసి నేరుగా ఛైర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. అర్ధరాత్రి కోపంలో అందరికీ పోయేలా మెయిల్ కొట్టడం కూడా. ఓటులో ఓడిపోయావనుకో, కొత్త కోర్సు నీ వాటాకి వస్తే సణగకుండా చెప్పు. ఈ ఆఖరిది చెయ్యగలిగిన రోజున నీ గురించి ఆ వాక్యం ఎవరూ రాయరు.

ఒంట్లో బాగోలేనివాళ్ల క్లాసు తీసుకోవడం, అడిగినవాళ్ల పేపర్ చిత్తుప్రతి చదివిపెట్టడం, ఎవరూ ఒప్పుకోని కమిటీలో కూర్చోవడం కూడా ఈ మాట కిందికే వస్తాయి. వాటిలో నీకేం లోటు లేదు, ఎక్కువే చేస్తున్నావని నా అనుమానం. పులిహోర చేసి పట్టుకెళ్లి డిపార్ట్‌మెంట్‌లో పంచడం మాత్రం దీని ఖాతాలో జమ కాదు. పంచు, కాదనను.

ఈ కుటుంబంలోని మాట ఇంకొకటి మన పేపర్లలో తరచూ కనిపిస్తుంది, కొలీజియం. సుప్రీంకోర్టుకి జడ్జీలని ఎంచేది ఎవరన్న దానిమీద 1993లో ఒక తీర్పు, 1998లో ఒక అభిప్రాయం వచ్చాక ఏర్పడ్డ పద్ధతి. ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి నలుగురు సీనియర్లు కూర్చుని తేలుస్తారు. దాని బదులు పార్లమెంటు తెచ్చిన కమిషన్‌ని 2015లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. ఆ ఒక్కరూ మన కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మరుసటి ఏడాది ఆయన కొలీజియం సమావేశాలకే రానన్నారు. ఫైలు తన దగ్గరికి పంపితే అభిప్రాయం రాసి పంపుతానన్నారు. పారదర్శకత లేదన్నది ఆయన అభ్యంతరం. 2017 అక్టోబరు నుంచి కొలీజియం తీర్మానాలు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది. ఆయన చేసింది ఒప్పా తప్పా అన్నది లాయర్లని వాదించుకోనీ. నాకు మాత్రం ఆయన అడిగినది మా మినిట్స్ బుక్‌లో ఎప్పుడూ ఖాళీగా ఉన్న ఆ పేజీయే. ఎవరు ఏ కారణంతో ఏమన్నారో కాగితం మీద లేకపోతే, సమానులు కూర్చున్నారని బయటివాళ్లు ఎలా నమ్ముతారు? ఇది చదివి నువ్వు మీటింగులు మానేసేవు. ఆయన అప్పటికే సుప్రీంకోర్టు జడ్జి, నువ్వు ఇంకా టెన్యూర్ రాని అసిస్టెంట్ ప్రొఫెసర్‌వి.

ఇంతవరకూ మీ వాళ్ల వైపునించి చెప్పాను. రెండో వైపు కూడా విను, ఎందుకంటే ఈ మాటకి కోరలున్నాయి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ అని అక్కడి అధ్యాపకుల సంఘం ఒకటుంది. జాన్ డ్యూయీ, ఆర్థర్ లవ్‌జాయ్ లాంటివాళ్లు 1915లో పెట్టింది. ఆ సంఘం 1999లో ఈ విషయం మీదే ఒక ప్రకటన చేసింది. అధ్యాపకుణ్ని తూచడానికి బోధన, పరిశోధన, సేవ అన్న మూడు కొలతలు చాలు, కలీజియల్‌గా ఉన్నారా లేదా అన్నదాన్ని నాలుగో కొలతగా విడిగా పెట్టవద్దు అని. కారణం ఊహించగలవు. పాఠం బాగా చెబుతుంది, పేపర్లు రాస్తుంది, అయినా మనలో కలవదు అని ఎవరినైనా అనొచ్చు. తమలాంటివాళ్లనే తమ పక్కన కూర్చోబెట్టుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే అనువైన మాట ఉండదు. ఎదురు మాట్లాడేవాళ్లని, బయటినుంచి వచ్చినవాళ్లని సాగనంపడానికి ఇది పనికొస్తుందన్నదే ఆ సంఘం భయం. అక్కడి కోర్టులు కొన్ని కేసుల్లో యూనివర్సిటీల వైపే మొగ్గాయి కూడా, తోటివారితో కలిసి పనిచెయ్యగలగడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని.

అందుకని నువ్వు చెయ్యాల్సిన మొదటి పని ఏడవడం కాదు, అడగడం. ఛైర్‌ని ఒక అరగంట అడుగు. ఆ వాక్యం రాసేటప్పుడు మీ మనసులో ఏ సందర్భాలున్నాయి, వచ్చే ఏడాది ఏం చూస్తే ఇది మారిందనుకుంటారు, ఈ రెండే ప్రశ్నలు. ఆయన "నువ్వు మీటింగుల్లో నోరు విప్పవు" అంటే హాయిగా ఊపిరి పీల్చుకో, పైన చెప్పినవి చెయ్యి. "ఫలానా ప్రొఫెసర్ మాటకి అడ్డం చెప్పావట" అనో, సందర్భమేదీ చెప్పలేక "ఏదో ఒక ఇది" అనో నసిగితే మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండు. ఎలా జరిగినా, గదికి వచ్చాక ఈరోజు మనం మాట్లాడుకున్నవి ఇవి అని మూడు వాక్యాల మెయిల్ ఆయనకి పంపి, కాపీ దాచుకో. ఇది అనుమానంతో చేసేది కాదు, మినిట్స్ రాసుకోవడం.

ఇక నువ్వూ రేపు ఎవరి గురించో ఇలాంటి రివ్యూ రాస్తావు గనక వాడకం గురించి ఓ ముక్క. పనిచెయ్యడం, చర్చించడం, విభేదించడం, నిర్ణయించడం, ఇలాంటి క్రియల పక్కన కలీజియల్లీ ఒదుగుతుంది. ఆజ్ఞాపించడం పక్కన పెడితే నవ్వుతారు. కార్డియల్లీ అన్న మాటతో కలిపేయకు, అది ఇంటికొచ్చిన చుట్టంతో కూడా ఉండొచ్చు, దానికి సమానత్వంతో పనిలేదు. కలెక్టివ్‌లీ కూడా వేరే. మన రాజ్యాంగం 75వ అధికరణం మంత్రివర్గం మొత్తం లోక్‌సభకి సమష్టిగా బాధ్యత వహించాలంటుంది. అక్కడ లోపల ఎంత కొట్టుకున్నా బయటికి ఒకే మాట రావాలి. కలీజియల్లీలో నీ అసమ్మతి నీ పేరుతోనే ఉంటుంది. పీహెచ్‌డీ పిల్లలతో ఎవరైనా కలీజియల్లీ ఉంటారని రాస్తే అది పెద్ద మెచ్చుకోలు, సమానులు కానివాళ్లని సమానులుగా చూశారని. ఎవరి గురించైనా 'కలీజియల్లీ విభేదిస్తుంది' అని రాయగలిగావంటే ఆ అమ్మాయికి ఉద్యోగం ఇప్పించినట్టే.

క్యాలిక్యులస్ సంగతి వచ్చే నెల మీటింగ్‌లో మళ్లీ వస్తుందన్నావు కదా. నీ అభ్యంతరం నాలుగు వాక్యాల్లో రాసి ఆదివారంలోగా నాకు పంపు. స్టాటిస్టిక్స్ నువ్వు చూసుకో, ఇంగ్లీషు నేను చూస్తాను. అందులో 'సర్' ఎక్కడ కనబడినా కొట్టేస్తాను. 'నేను చిన్నదాన్ని, తప్పైతే క్షమించండి' అని మొదలుపెట్టావంటే కాగితమే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ